గడి మామిడి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక పండు ఉండేది. దాని రంగు అందరికీ తెలుసు, వాసన అందరికీ తెలుసు, రుచి మాత్రం ఒక్కరికీ తెలియదు. గడి మామిడి అనేవాళ్ళు దాన్ని. మాది కోనరావుపేటకు నాలుగు మైళ్ళ ఇవతల ఊరు. ఊరికి ఒక కొసన దొర గడి, రెండో కొసన మా వాడ. గడి అంటే ఈ కాలం పిల్లలు ఏదో పెద్ద ఇల్లనుకుంటారు. రెండు నిలువుల ఎత్తు ప్రహరీ, మూలమూలకూ బుర్జు, ధాన్యం బండి ఎడ్లతో సహా లోపలికి పోయే దర్వాజా, దాని వెనక మేడ, మేడ వెనక ఆరెకరాల తోట. ఆ తోట గోడ మీది నుంచి ఎండాకాలంలో ఒక్క కొమ్మ బయటికి వంగేది. దాని పండ్లు పచ్చగా ఉండి తొడిమ దగ్గర ఎర్రగా, కుంకుమ చెయ్యి తుడిచినట్టు ఉండేవి. మేం బడి నుంచి వస్తూ గోడ కింద నిలబడి ముక్కులెగబీల్చి, వాసన చూసినంత సేపు చూసి ఇంటికి పోయేవాళ్ళం. రాయి విసిరే ధైర్యం ఎవరికీ లేదు.

నేను మూడో తరగతిలో ఉండగా దొర గడి విడిచి పట్నం వెళ్ళిపోయాడు. అవి నక్సలైటు అన్నల రోజులు. అడవి పక్క ఊళ్ళల్లో సంగాలు పెట్టారు, జనం ఇక వెట్టి చెయ్యం అన్నారు, పాలేర్లు జీతాలు అడిగారు. ఒక ఊరి దొర తరవాత ఒక ఊరి దొర మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంటే మా దొర కూడా ఒక పొద్దున జీపెక్కాడు. దర్వాజాకు నా అరచేయంత తాళం వేశారు. ఆ తాళం చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టేది కాదు. నా గుణమే అంత. మూత కనబడితే ఎత్తాల్సిందే, మూట కనబడితే విప్పాల్సిందే. ఉట్టి మీది కుండలో ఏముందో చూడబోయి కింద పడి మా అమ్మ చేత తన్నులు తిన్న రోజులు లెక్కలేనన్ని.

లోపల ఏముందో నాకు చెప్పగలిగినవాడు మా తాత ఒక్కడే. ఎద్దు వీపు అందని వయసు నుంచి ఆయన గడిలో మోట కొట్టాడు, అంటే ఎడ్లను కట్టి తోలు బొక్కెనతో బావి నీళ్ళు తోడి తోటంతా పారించడం. నలభై ఏళ్ళు చేశాడు. వెట్టి కాబట్టి జీతం లేదు, జొన్న గటక ముద్ద పెడితే పెట్టినట్టు. నేను పక్కన పడుకుని అడిగితే తోటంతా చెప్పేవాడు. రెండు వరసల పొగడ చెట్లు, మధ్యన బండలు పరిచిన బాట, రాతి హౌజులో ఎర్ర చేపలు, దొరసాని మల్లెపందిరి, నిమ్మ, పంపర పనస, అంజీరు. పట్నం నుంచి తెప్పించిన మాలీ మామిడి అంటు కడుతుంటే నీళ్ళు పారిస్తూ ఓరకంట చూసి ఎట్లా నేర్చుకున్నాడో, ఆ మాలీ చచ్చిపోయాక దొర ఆ పని కూడా తన మీదే ఎట్లా వేశాడో చెప్పేవాడు. అన్నీ చెప్పి, గడి మామిడి ఎట్లా ఉంటుంది తాతా అని అడగ్గానే మాత్రం "నాకేమెర్క బిడ్డా" అని లేచి పోయేవాడు. నలభై ఏళ్ళు నీళ్ళు పోసినవాడికి తెలియకపోవడం ఏమిటి? నాతో అబద్ధమాడుతున్నాడని నాకు కోపంగా ఉండేది.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. మా ఇంటి వెనక ఒక మామిడి చెట్టుంది. వాడలో చాలా ఇళ్ళ వెనక ఉన్నాయి, అన్నీ నాటు చెట్లే అనుకునేవాళ్ళం. వాటిని ఒక్క ఏడాది కూడా పండనిచ్చేవాడు కాదు. కాయ ముదరగానే ఇంటింటికీ పోయి "తెంపుండ్రి, తొక్కు వెట్టుకోండ్రి, ఉంచితే పురుగు పడ్తది" అని దగ్గరుండి తెంపించేవాడు. పిల్లలకు ఒక్క పండన్నా ఉంచవా అని మా నాయనమ్మ సణిగితే వినపడనట్టు ఊరుకునేవాడు. మా వాడలో ఏ ఇంట్లో చూసినా మామిడికాయ తొక్కు పచ్చడే, పండు అన్న మాట లేదు.

దొర పోయిన మరుసటి ఎండాకాలం సంగం ఒక మాట అనుకుంది. మిరుగు వానల లోపు గడి తోట నరికి, దున్ని, భూమి లేని ఇళ్ళకు తలా ఒక పాలు పంచాలని. మా పక్కింటి అన్న సిరిసిల్లలో చదువుకుంటూ సెలవులకు వచ్చి సంగంలో తిరిగేవాడు. పేర్లు రాసే పని అతనిదే. ఊళ్ళో పండగలా ఉంది, కానీ దానికొక ముడి పెట్టారు. దొర మనిషి అని తేలినవాడికి పాలు లేదు. పాలు లేకపోవడమే అయితే ఫర్వాలేదు. అంతకు నెల కిందటే పక్క ఊళ్ళో దొర దగ్గర పని చేసిన ఒకాయనను, పట్నానికి కబుర్లు మోస్తున్నాడని గడి ముందర నిలబెట్టి కొట్టారు. ఆయన పెళ్ళాం పిల్లలతో ముస్తాబాద్ వైపు వెళ్ళిపోయాడు. మా తాత పేరు దగ్గర కలం ఆగిందని మా నాయన కూలి నుంచి వచ్చి చెప్పాడు. వెట్టోడు పాపం అని కొందరు, అన్నేళ్ళు లోపల తిరిగినోడు అని కొందరు అన్నారట.

ఇంట్లో అందరూ ఆ గుబుల్లో ఉంటే నా కళ్ళు మాత్రం మా తాత కాళ్ళ మీద ఉన్నాయి. రోజూ తెల్లారగట్ల ఎటో పోయి పొద్దెక్కే వేళకు వచ్చేవాడు. వచ్చినప్పుడు కాళ్ళకు తడి మట్టి అంటి ఉండేది. ఊరి బావులన్నీ అడుగంటిన ఎండల్లో తడి మట్టి ఎక్కడిది? రెండు రోజులు ఆగాను. మూడో రోజు తెల్లవారుతుండగా ఆయన వెనకాల పోయాను. గడి వెనక గోడకు నీళ్ళు బయటికి పోయే మోరి ఉంది. దాని రాయి ఒకటి ఊడి ఉంది. ఆయన వంగి అందులోంచి లోపలికి పోయాడు. నేనూ దూరాను.

అంతకాలం వినడమే కానీ చూడని తోట నా ముందర ఉంది, చెప్పినట్టు మాత్రం లేదు. పొగడ చెట్ల కింద మోకాలి లోతు ఆకులు. బండల బాట సందుల్లోంచి తుమ్మ మొలకలు. హౌజులో నీళ్ళు లేవు, చేపలు లేవు, ఒక పగిలిన పింగాణి గిన్నె ఉంది. మల్లెపందిరి కూలి ఎండిపోయింది. దొరసాని కూర్చునే రాతి అరుగు మీద తొండ ఒకటి తల ఆడిస్తూ కూర్చుంది. నాకు భయం వేయలేదు, నవ్వు వచ్చింది. ఈ అరుగు కోసమా ఇంత గోడ అనిపించింది. అన్నీ ఎండిన ఆ తోటలో ఒక్క చెట్టే నల్లగా నిగనిగలాడుతూ నిలబడింది. దాని పాదులో నీళ్ళున్నాయి. మా తాత బావి గట్టున నిలబడి, ఎడ్లు లేవు కనక తాడుతో కుండ వేసి చేదుతున్నాడు. నన్ను చూసి చేదడం ఆపలేదు. "వచ్చినవా. ఇన్నొద్దులు పట్టిందేందే నీకు" అన్నాడు. నేను వస్తానని ఆయనకు ముందే తెలుసు.

ఎందుకు పోస్తున్నావని అడిగితే చెప్పలేదు. తోటంతా చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం "గీ ముచ్చట ఎవలకు చెప్పకు" అన్నాడు. తల ఊపాను. నిజంగా చెప్పకూడదనే అనుకున్నాను. కానీ తోట లోపలికి పోయి వచ్చాక ఆ సంగతి కడుపులో ఎట్లా ఆగుతుంది? మధ్యాహ్నం నా జతగత్తె ఒక్కదానికే చెప్పాను, ఒట్టు వేయించుకుని. అది వాళ్ళ అక్కకు ఒట్టు వేయించుకుని చెప్పింది. పొద్దు గూకేలోపు వాడంతా చెవులు కొరుక్కోవడమే. మోటాయన దొర తోటకు నీళ్ళు పోస్తున్నాడట. దొర వస్తాడని కాపు కాస్తున్నాడట. చెట్టు సుట్టు తిరుగుతున్నాడంటే కబురు కూడా అందుతున్నట్టేనట.

మర్నాడు పొద్దున పక్కింటి అన్న వచ్చి గడప బయటే నిలబడ్డాడు. ఎప్పుడూ లోపలికి వచ్చి చల్ల అడిగి తాగే మనిషి. "తాతా, రేపు పొద్దుగాల గడికాడికి రాండ్రి. సంగం కూసుంటది" అన్నాడు. రా అనలేదు, రాండ్రి అన్నాడు. మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మా నాయన చుట్ట వెలిగించుకుని ఆర్పేశాడు. మా నాయనమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. ఇంటి వెనక మామిడి చెట్టు మాటుకు పోయి కూర్చున్నాను. మా తాతను నేనే పట్టిచ్చానని నాకు అర్థమైంది. రేపు గడి ముందర ఆయనను కొడితే చూడాల్సి వస్తుందని ఏడ్చాను.

కాసేపటికి ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టలేదు. పక్కన కూర్చుని, నా చెయ్యి తీసుకుని చెట్టు మొదలు మీద, మోకాలి ఎత్తున ఆనించాడు. "చూడు, ఏమన్న తాకుతుందా" అన్నాడు. బెరడు మీద అడ్డంగా ఒక ఉబ్బు తగిలింది, మానిన గాయం మాదిరి. దాని కింద బెరడు గరుకుగా ఉంది, పైన నునుపుగా ఉంది. నేను రోజూ ఎక్కే చెట్టే, ఎన్నడూ చూడలేదు. "కింద నాటుది. మీద గడిది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మా నాయన కడుపులో ఉండగా మా నాయనమ్మ గడిలో చెత్త ఊడ్చేది. ఒకనాడు రాలిన పండు ఒకటి కొంగులో వేసుకుంది. చూలాలు, ఆశపడింది. దొర చూశాడు. కొట్టలేదు. ఎక్కడ తీశావో అక్కడ పెట్టు అన్నాడు. పనివాళ్ళందరి ముందర ఆమె దాన్ని చెట్టు కింద పెట్టి వచ్చింది. ఎవరూ తీయకూడదని చెప్పాడు దొర. నాలుగు రోజులు అది అక్కడే కుళ్ళింది, చీమలు తిన్నాయి, మా తాత ఆ పక్క నుంచే నీళ్ళు పారించాడు. ఆ ఏడు వానలు పడగానే దొర తన చుట్టాల గడులకు పంపడానికి అంటు మొక్కలు కట్టమన్నాడు. నాటు మొక్కను కుండలో పెట్టి, మామిడి కొమ్మ అందేటట్టు మంచె మీద నిలబెట్టి, రెండింటి తోలూ చెక్కి కలిపి నారతో కడతారు. మూడు నెలలకు రెండూ ఒకటవుతాయి, అప్పుడు కొమ్మను చెట్టు నుంచి కోస్తారు. అన్నీ పట్టవు, కొన్ని ఎండిపోతాయి. ఆ ఏడు అన్నీ పట్టాయి. మా తాత పోయి ఒకటి పట్టలేదు దొరా అన్నాడు. ఆ మొక్కను ఆకుల చెత్త గంపలో అడుగున పెట్టి నెత్తి మీద మోసుకుని దర్వాజాలోంచే బయటికి తెచ్చాడు. ఆ తరవాత అంటు కట్టమన్నప్పుడల్లా ఒకటి పట్టలేదన్నాడు. నాటు మొక్క అని చెప్పి ఒక్కో ఇంటి వెనక తానే పాతి వచ్చాడు. ఎర్రబారిన పండు ఒక్కటి ఎవరి కంట పడ్డా వాడ బతకదు. అందుకే కాయగా ఉండగానే తెంపించాడు, పురుగు పడుతుందన్నాడు.

"మరి నువ్వు తినలేదా" అన్నాను. "మీ నాయనమ్మ తిననిది నేనెట్ల తింట" అన్నాడు. ఆయన నాతో అబద్ధమాడలేదు. నిజంగానే తెలియదు.

తరవాత "పో, ఎన్నిండ్లల్ల ఉన్నయో చూసి రాపో" అన్నాడు. పరుగెత్తాను. వాడలో ప్రతి ఇంటి వెనకకూ పోయి ప్రతి మామిడి మొదలూ తడిమాను. ఒకావిడ కోళ్ళ గంప దగ్గర ఏం వెతుకుతున్నావని కట్టె తీసుకుంది. పదకొండు ఇళ్ళలో ఆ ఉబ్బు నా చేతికి తగిలింది. పక్కింటి అన్న వాళ్ళ చెట్టుకు అందరికంటే పెద్దది ఉంది.

మర్నాడు పొద్దున గడి తాళం పగలగొట్టి సంగం తోటలోనే కూర్చుంది. గొడ్డళ్ళు హౌజు గట్టున ఆనించి ఉన్నాయి. మా తాతను నిలబెట్టారు. పక్కింటి అన్న నేల చూస్తూ అడిగాడు. "తాతా, ఇన్నేండ్లు దొర చెప్పిండు, నువ్వు నీళ్ళు వోసినవు. అది వెట్టి, దానికి నిన్నెవలేమనరు. ఇప్పుడు దొర లేడు. ఇప్పుడెవలు చెప్తే పోస్తున్నవు?"

"ఎవ్వలు చెప్పలే" అన్నాడు మా తాత. "నలభై ఏండ్లు ఒకడు చెప్తే పోసిన. ఎవ్వలు చెప్పకుంట పోస్తే ఎట్లుంటదో చూద్దామని పోసిన."

ఎవరో వెనక నుంచి నవ్వారు. ఇంకెవరో ఇవన్నీ మాటలు అన్నారు. ఒకతను లేచి మా తాత వైపు రెండడుగులు వేశాడు. మా తాత గుంపులో నన్ను వెతికి నా వైపు చూశాడు. అప్పుడు తోచింది నాకు. నిన్న చెట్టు కింద అంత చెప్పినవాడు, ఎవరికీ చెప్పకు అన్న ఒక్క మాట మాత్రం అనలేదు. నా నోరు సంగతి తెలియని మనిషి కాదు.

నేను పోయి పక్కింటి అన్న చెయ్యి పట్టుకుని గుంజాను. "మీ ఇంటెనక చెట్టు గీ చెట్టే అన్నా. మా ఇంటెనకది గూడ. పదకొండిండ్లల్ల ఉన్నది. రా, చెయ్యి వెట్టి చూడు" అన్నాను. ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. నాయనమ్మ పండు, చెత్త గంప, పట్టలేదు దొరా అన్న మాట, అన్నీ. అందరూ లేచి మా వాడకు నడిచారు. పక్కింటి అన్న వాళ్ళ పెరట్లో ఒంగి, చెట్టు మొదలు తడిమి, అట్లాగే కూర్చుండిపోయాడు. ఆ చెట్టు నీడన ఎన్ని సార్లు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడో నాకు తెలుసు.

అప్పుడు మా తాత ఇంట్లోకి పోయి అటక మీది నుంచి గడ్డి గంప దింపాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మా చెట్టుకు పది కాయలు ఉంచి, తెంపి గడ్డిలో మాగబెట్టి ఉంచాడు. పచ్చగా, తొడిమ దగ్గర ఎర్రగా ఉన్నాయి. గోడ కింద నిలబడి పీల్చిన వాసనే మా ఇంట్లోంచి వచ్చింది. అంటు నిజంగా గడి పండే ఇచ్చిందో లేదో ఆయనకూ ఆ రోజే తెలిసింది. మొదటి పండు మా నాయనమ్మకు ఇచ్చాడు.

వాడంతా చూస్తుంటే ఆమె గడప మీద కూర్చుని, తొందర లేకుండా, తొక్క నోటితో చీల్చి తిన్నది. టెంక కూడా చప్పరించింది. ఏమంటుందో అని మేమంతా ఇంకొంచెం దగ్గరికి జరిగాం. "గింతేనా" అన్నది. తరవాత "ఇంకొకటియ్యి" అన్నది. మా తాత నవ్వాడు. నవ్వుతూనే తల పక్కకు తిప్పుకుని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

మా ఇంటికి పాలు వచ్చింది. తోట నరికి దున్నారు. పక్కింటి అన్న వచ్చి, ఆ మామిడిని ఉంచమంటావా తాతా, నువ్వే చెప్పు అన్నాడు. "మీ ఇష్టం. అది ఊర్లెకు వచ్చి శానేండ్లాయె" అన్నాడు మా తాత. రెండు పాళ్ళ మధ్య గట్టు మీద దాన్ని ఉంచారు. బావి ఎండిన ఏడు అదీ ఎండిపోయింది. ఆ ఎండాకాలం నుంచి మా వాడలో తొక్కు తగ్గింది, పిల్లల అంగీల మీద పసుపు మరకలు పెరిగాయి.

నాకు పెళ్ళై సిరిసిల్ల వచ్చినప్పుడు మా తాత ఒక కుండ మొక్క తెచ్చి ఈ పెరట్లో పాతి పోయాడు. ఇప్పుడది డాబా దాటింది. ఎక్కడ మామిడి కనబడినా నా చెయ్యి దానంతట అదే మోకాలి ఎత్తుకు పోతుంది, నా మనవరాలు నవ్వుతుంది. రోజూ తెల్లారగానే బిందెతో పెరట్లోకి పోతాను. మోకాళ్ళ నొప్పులని రాత్రంతా మూలిగి పొద్దున్నే బిందె మోస్తావు, ఎవరు చెప్పిండ్రు అత్తా నీకు అని మా కోడలు కోప్పడుతుంది.

ఎవరూ చెప్పలేదు. అందుకే పోస్తున్నాను.